బాకీ పడిన ఈఎంఐలను డిజిటల్‌గా వసూలు చేయడం ఎలా? చిన్న ఫైనాన్స్ కంపెనీల కోసం

వాయిదా తప్పిన ప్రతి కస్టమరూ ఎగ్గొట్టేవాడు కాదు. ఈఎంఐ 5న పోవాలి, జీతం 10 దాటాక పడుతుంది. జీతం ఒక బ్యాంకులో, మాండేట్ (ఖాతా నుంచి ఈఎంఐ తీసుకోవడానికి ఇచ్చిన అనుమతి) ఇంకో బ్యాంకులో. ఫోన్ నంబరు మారింది, మెసేజ్ అందలేదు. పాల బిల్లు రావాల్సిన వారం రాలేదు. మొదటి నెల బౌన్సులను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే ఎక్కువగా ఇలాంటివే బయటపడతాయి. నిజంగా కట్టలేని స్థితిలో ఉన్నవాళ్లు కొందరు ఉంటారు. కట్టగలిగీ కట్టనివాళ్లు ఇంకా కొద్దిమంది. ఈ ముగ్గురికీ ఒకే రకం ఫోన్, ఒకే రకం గొంతు వాడితే వసూళ్లూ పడిపోతాయి, కంపెనీ పేరూ పాడవుతుంది.

డిజిటల్ పద్ధతుల అసలు ఉపయోగం ఇక్కడే ఉంది. ఎవరిది మతిమరుపో, ఎవరిది ఇబ్బందో, ఎవరిది మొండితనమో త్వరగా తేలిపోవాలి. కట్టాలనుకున్న మనిషికి రెండు నిమిషాల్లో కట్టేసే దారి దొరకాలి. బండి లోన్లు, ఫోన్ లోన్లు, చిన్న పర్సనల్ లోన్లు ఇచ్చే ఎన్‌బీఎఫ్‌సీల్లో, అంటే బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీల్లో, కలెక్షన్ బాధ్యత మోస్తున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతి రాస్తున్నాను.

మన రెండు రాష్ట్రాలూ ఈ విషయంలో చాలా నష్టపోయాయి. 2010లో మైక్రోఫైనాన్స్ వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ తర్వాత రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ వసూళ్లు కుప్పకూలాయి. పదేళ్లు తిరిగేసరికి, 2020 చివర్లో, లోన్ యాప్‌ల వాళ్లు కస్టమర్ ఫోన్‌లోని కాంటాక్టులందరికీ మెసేజ్‌లు పెట్టి పరువు తీస్తుంటే తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. 2021 జనవరిలో ఆర్‌బీఐ వర్కింగ్ గ్రూప్ వేసింది. 2022 సెప్టెంబరు 2న డిజిటల్ లెండింగ్ మార్గదర్శకాలు వచ్చాయి, 2025 మే 8న వాటిని ఒకచోట కూర్చి డైరెక్షన్లుగా ఇచ్చారు. అందుకే సాఫ్ట్‌వేర్ కొనే ముందు నిబంధనల దగ్గర మొదలుపెట్టండి.

1. నిబంధనలను సాఫ్ట్‌వేర్‌లోనే బిగించండి

నిబంధనలను ట్రైనింగ్‌లో చెప్పి వదిలేస్తే నెలాఖరు టార్గెట్ ఒత్తిడిలో ఎవరికీ గుర్తుండవు. చెయ్యకూడనిది చెయ్యడానికి సిస్టమే ఒప్పుకోకూడదు.

ఆర్‌బీఐ 2022 ఆగస్టు 12న ఇచ్చిన ఆదేశాల ప్రకారం బాకీ వసూలు కోసం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. మైక్రోఫైనాన్స్ అప్పులైతే ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. కాబట్టి డయలర్‌లో, అంటే కాల్స్ చేసే సాఫ్ట్‌వేర్‌లో, ఈ వేళలను లాక్ చేయించండి. 7:01కి ఎగ్జిక్యూటివ్ నొక్కినా కాల్ వెళ్లకూడదు. మెసేజ్‌లకూ ఇదే గడియారం పెట్టండి.

యాప్ ఉంటే, అది కస్టమర్ కాంటాక్ట్ లిస్టు, కాల్ లాగ్, ఫొటోలు, ఫైళ్ల జోలికి వెళ్లకూడదు. డెవలపర్ ఏ పర్మిషన్లు పెట్టాడో మీరే ఒకసారి కొత్త ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసి చూసుకోండి. డిజిటల్ లోన్లలో కేసును రికవరీ ఏజెంట్‌కు అప్పగించినా, ఏజెంట్‌ను మార్చినా, ఆ ఏజెంట్ కస్టమర్‌ను కలవకముందే అతని వివరాలు ఎస్ఎంఎస్ లేదా ఈమెయిల్‌లో కస్టమర్‌కు చేరాలి. ఈ మెసేజ్ వెళ్లినట్టు నమోదైతేనే ఏజెంట్ ఫోన్‌లో ఆ కేసు తెరుచుకునేలా పెట్టించండి.

ఎస్ఎంఎస్ పంపాలంటే టెలికాం కంపెనీల డీఎల్‌టీ వేదికలో కంపెనీ హెడర్ (పంపేవారి పేరు), టెంప్లేట్ (మెసేజ్ నమూనా) రిజిస్టర్ అయి ఉండాలి. మెసేజ్‌లో లింక్ ఉంటే దాన్ని ముందుగా వైట్‌లిస్ట్ చేయించాలి, లేకపోతే టెలికాం కంపెనీ దగ్గరే ఆగిపోతుంది. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల సర్వీస్ కాల్స్ కోసం కేంద్ర టెలికాం శాఖ 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించింది. ఎగ్జిక్యూటివ్ సొంత మొబైల్ నుంచి చేసే కాల్స్ పూర్తిగా మాన్పించండి. ఆ కాల్‌కు రికార్డింగ్ ఉండదు. రేపు ఫిర్యాదు వస్తే మీ చేతిలో ఏ ఆధారమూ ఉండదు.

ఆలస్య రుసుము విషయంలో చాలామంది ఇంకా పాత అలవాటులోనే ఉన్నారు. 2023 ఆగస్టు 18 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం అది పీనల్ చార్జీగా ఉండాలి, వడ్డీ రేటు మీద అదనపు వడ్డీగా వేయకూడదు, అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ కట్టకూడదు. రిమైండర్‌లో ఆ చార్జీ ఎంతో రాయాలి. వేసినప్పుడు ఎందుకు వేశారో చెప్పాలి. మీ పాత సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ పీనల్ ఇంట్రెస్ట్ లెక్కేస్తోందేమో నాలుగైదు ఖాతాలు తీసి చేత్తో లెక్క కట్టి చూడండి.

2. జాబితాను శుభ్రం చేయండి

తప్పు నంబరుకు వెయ్యి మెసేజ్‌లు పంపినా రూపాయి రాదు. పైగా ఒకరి అప్పు సంగతి ఇంకొకరికి చేరుతుంది. ఖాతాకు ఈ నాలుగు వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి: ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరు, మాట్లాడే భాష, మాండేట్ ఉన్న బ్యాంకు ఖాతా, చేతికి డబ్బు వచ్చే రోజు.

నాలుగోది దాదాపు ఎవరూ రాసుకోరు. నా లెక్కలో అన్నిటికంటే విలువైనది అదే. జీతం వచ్చే ఉద్యోగి, రోజూ డబ్బు చూసే ఆటో డ్రైవరు, పదిహేను రోజులకోసారి పాల బిల్లు అందుకునే రైతు, ధాన్యం అమ్మితేనే చేతిలో డబ్బాడే కౌలు రైతు, వీళ్లందరికీ 5వ తారీకే గడువు పెట్టడం మన సౌకర్యం కోసమే. లోను ఇచ్చేటప్పుడే ఈ ప్రశ్న అడిగి రాసుకోండి. పాత ఖాతాలకు రిమైండర్ కాల్‌లో అడగండి.

రిఫరెన్స్‌గా ఇచ్చిన బంధువుల, స్నేహితుల నంబర్లను డయలర్ జాబితాలోంచి తీసేయండి. వాళ్లు అప్పు తీసుకోలేదు, జామీను కూడా ఉండలేదు. కుటుంబసభ్యుల, రిఫరీల, స్నేహితుల ప్రైవసీలోకి చొరబడటాన్ని ఆర్‌బీఐ వేధింపుగానే చూస్తుంది.

ఇక బకెట్లు, అంటే గడువు దాటిన రోజులను బట్టి ఖాతాల వర్గాలు. 1 నుంచి 30 రోజులు, 31 నుంచి 60, 61 నుంచి 90 అన్న విభజన అందరికీ తెలిసిందే. బేస్ లేయర్ ఎన్‌బీఎఫ్‌సీలకు, అంటే ఆర్‌బీఐ వర్గీకరణలో చిన్న కంపెనీలకు, ఎన్‌పీఏ (మొండి బాకీ) గడువు మెట్లుమెట్లుగా తగ్గుతూ 2026 మార్చి 31 నాటికి 90 రోజులకు వచ్చింది. ఒకసారి ఎన్‌పీఏ అయ్యాక, పేరుకున్న బాకీ మొత్తం కడితేనే ఖాతా మళ్లీ స్టాండర్డ్ (మామూలు ఖాతా) అవుతుంది. ఒకటో రెండో ఈఎంఐలు కడితే సరిపోదు. అంటే మీ శ్రమలో ఎక్కువ భాగం మొదటి 30 రోజుల్లోనే పెట్టాలి. 80వ రోజున పరుగులు తీస్తే మూడు వాయిదాలు ఒకేసారి కట్టమని అడగాల్సి వస్తుంది, అప్పటికి ఆ మనిషికి అది కొండంత మొత్తం.

బకెట్‌తో పాటు ఇంకో గుర్తు పెట్టుకోండి: గత ఆరు నెలల్లో ఎన్నిసార్లు బౌన్స్ అయింది, అయినప్పుడు ఎన్ని రోజుల్లో కట్టారు. ప్రతి నెలా బౌన్స్ అయి నాలుగో రోజున కచ్చితంగా కట్టేసే కస్టమర్‌కు ఫోన్ అక్కర్లేదు, ఒక లింక్ చాలు. రెండేళ్లుగా ఒక్కసారీ తప్పని మనిషి ఈ నెల తప్పితే మాత్రం మొదటి రోజే ఫోన్ చేయండి. అక్కడ ఏదో జరిగి ఉంటుంది. దీనికి ఖరీదైన ఏఐ స్కోరింగ్ ఏమీ అవసరం లేదు, ఎక్సెల్ షీట్ చాలు. ఖాతాలు లక్షల్లోకి వెళ్లాక మోడల్స్ గురించి ఆలోచించవచ్చు.

3. గడువుకు ముందే కదలండి

గడువుకు మూడు రోజుల ముందు ఒక మెసేజ్, ముందు రోజు ఇంకొకటి. తెలుగులో పంపండి. ఇక్కడ ఒక సాంకేతిక ఇబ్బంది ఉంది: ఇంగ్లిష్ ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడితే తెలుగు లిపిలో 70 మాత్రమే పడతాయి. గుణింతం, వత్తు అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. 70 దాటితే రెండు మెసేజ్‌ల ఖర్చు. అందుకని ఇలా కుదించండి:

"మీ బైక్ లోను ఈఎంఐ రూ.3,450 ఈ నెల 5న. ఖాతాలో ఉంచగలరు."

ఇది 52 అక్షరాలు. మిగిలిన 18లో కంపెనీ పేరు పెట్టుకోవచ్చు. చదువు రానివాళ్లకు ఇదే విషయాన్ని పదిహేను సెకన్ల వాయిస్ కాల్‌గా పంపండి.

మాండేట్ సంగతి చూద్దాం. ఈ-నాచ్ (బ్యాంకు ఖాతా నుంచి ఈఎంఐ దానంతటదే వెళ్లే పద్ధతి) అయితే నెట్ బ్యాంకింగ్, డెబిట్ కార్డు లేదా ఆధార్‌తో కస్టమర్ ఒకసారి ఒప్పుకుంటే సరిపోతుంది. చిన్న ఈఎంఐలకు యూపీఐ ఆటోపే బాగా పనికొస్తుంది. 15,000 రూపాయల దాకా ప్రతిసారీ పిన్ కొట్టాల్సిన పని లేదు, డెబిట్‌కు ముందు కస్టమర్‌కు సమాచారం వెళుతుంది. 2025 ఆగస్టు 1 నుంచి ఆటోపే డెబిట్లను రద్దీ లేని వేళల్లోనే నడపాలని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ నిబంధన ఉంది: ఉదయం 10లోపు, మధ్యాహ్నం 1 నుంచి 5 మధ్య, రాత్రి 9:30 తర్వాత. మొదటి ప్రయత్నం కాక ఇంకో మూడుసార్లే అవకాశం. మీ పేమెంట్ గేట్‌వే వాళ్లు ఆ మూడింటినీ ఏ రోజుల్లో, ఏ వేళల్లో వాడుతున్నారో అడిగి, కస్టమర్‌కు డబ్బు వచ్చే రోజుకు సర్దించండి.

నాచ్‌ను మళ్లీమళ్లీ ప్రెజెంట్ చేయడం (డెబిట్ కోసం బ్యాంకుకు పంపడం) గురించి గట్టిగా చెప్పాలి. ఖాతాలో డబ్బు లేదని తెలిసీ ఒకే నెలలో మూడుసార్లు ప్రెజెంట్ చేస్తే, చాలా బ్యాంకులు మూడుసార్లూ కస్టమర్ దగ్గర రిటర్న్ చార్జీ, దాని మీద జీఎస్టీ గుంజుకుంటాయి. మన బౌన్స్ చార్జీ దానికి అదనం. 3,450 కట్టలేని మనిషి మీద ఇంకో వెయ్యి భారం మనమే వేసినట్టవుతుంది. ఆ వెయ్యి మనకూ రాదు. మళ్లీ ప్రెజెంట్ చేసే ముందు మనిషితో మాట్లాడి తేదీ ఖాయం చేసుకోండి.

4. బౌన్స్ కారణం చదవండి

బ్యాంకు నుంచి వచ్చే రిటర్న్ ఫైల్‌లో, బౌన్స్ అయిన ప్రతి ఖాతాకూ ఒక కారణం వస్తుంది. చాలాచోట్ల ఆ కాలమ్‌ను ఎవరూ చూడరు, అందరినీ "బౌన్స్" అని ఒకే గంపలో వేసి ఫోన్లు మొదలుపెడతారు. "సరిపడా డబ్బు లేదు" అంటే ఒక సంగతి. "ఖాతా మూసేశారు", "మాండేట్ రద్దయింది" అంటే వేరే సంగతి: కొత్త మాండేట్ తీసుకోవాలి. అది పొరపాటా, కావాలని చేసిందా అన్నది ఆ సంభాషణలోనే తెలుస్తుంది. బ్యాంకు వైపు సాంకేతిక లోపం వల్ల తిరిగొచ్చిందైతే కస్టమర్ తప్పేమీ లేదు. చార్జీ వేయకుండా క్షమాపణ చెబుతూ లింక్ పంపండి.

ఆ రోజు వెళ్లే వాట్సాప్ మెసేజ్ ఇలా ఉండొచ్చు. కస్టమర్ ముందుగా ఒప్పుకున్నవాళ్లైతేనే, కంపెనీ వెరిఫైడ్ బిజినెస్ నంబరు నుంచే పంపాలి:

"నమస్తే ____ గారూ. మీ బైక్ లోను ఈఎంఐ రూ.3,450 ఈ నెల 5న మీ ఖాతా నుంచి రాలేదు. బ్యాంకు చెప్పిన కారణం: ఖాతాలో సరిపడా డబ్బు లేదు. 9వ తేదీలోపు కడితే ఆలస్య రుసుము ఉండదు, ఆ తర్వాత రూ.200 పడుతుంది. కట్టడానికి కింద ఉన్న బటన్ నొక్కండి. కట్టే ముందు స్క్రీన్ మీద మా కంపెనీ పేరు చూసుకోండి. ఇప్పుడు వీలుకాకపోతే 2 అని పంపండి, మేమే ఫోన్ చేస్తాం."

ఇందులో ఎంత, ఎందుకు, ఎప్పటిలోగా, ఎలా అన్నీ ఉన్నాయి. చివరి వాక్యం మాత్రం తీసేయకండి. కట్టలేని మనిషికి మాట్లాడే దారి ఒకటి తెరిచి పెడితే ఫోన్ స్విచాఫ్ చేసుకోవాల్సిన అవసరం రాదు.

5. కట్టే దారి సులువుగా, నమ్మేలా ఉండాలి

లింక్ నొక్కగానే పేరు, మొత్తం ముందే నిండి ఉండాలి. లోన్ నంబరు వెతుక్కుని టైప్ చేయమంటే సగంమంది అక్కడే ఆగిపోతారు. యూపీఐ యాప్ నేరుగా తెరుచుకోవాలి. మొత్తం కట్టలేకపోతే కొంత కట్టే వీలుండాలి. ఆ కొంతలో ముందు దేనికి జమ అవుతుందో, మిగిలింది ఎంతో రసీదులో రాయండి. భారత్ కనెక్ట్‌లో, అంటే బిల్లులు కట్టే ఇదివరకటి బీబీపీఎస్ వ్యవస్థలో, కంపెనీని లోన్ బిల్లర్‌గా చేర్పించండి. ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యాప్‌లలో లోన్ రీపేమెంట్ కింద కంపెనీ పేరు కనబడితే కస్టమర్‌కు అనుమానమే రాదు.

ఆ అనుమానం చాలా న్యాయమైనది. జనం రోజూ ఏపీకే ఫైళ్లతో, దొంగ లింకులతో, "లోన్ సెటిల్‌మెంట్" పేరుతో వచ్చే కాల్స్‌తో మోసపోతున్నారు. కాబట్టి మీ వైపు నుంచి కొన్ని మాటలు ఇవ్వండి, ప్రతి మెసేజ్ చివరా గుర్తుచేయండి: ఓటీపీ అడగం, ఏ యాప్ ఫైలూ పంపం, వ్యక్తుల నంబరుకు డబ్బు వేయమనం. మీ కంపెనీ పేరుతో ఎవరైనా మోసం చేస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని చెప్పండి.

డబ్బు పడిన క్షణంలోనే రిమైండర్లు ఆగాలి. ఉదయం 10కి కట్టిన మనిషికి మధ్యాహ్నం 3కి "మీ ఈఎంఐ బాకీ ఉంది" అని కాల్ వెళ్లడం కంటే చికాకు తెప్పించేది ఇంకోటి లేదు. పేమెంట్ గేట్‌వే, లోన్ సాఫ్ట్‌వేర్, డయలర్ మూడూ వెంటవెంటనే ఒకదానికొకటి చెప్పుకునేలా కలిపించండి. వెండర్‌తో ఒప్పందం రాసుకునేటప్పుడే దీన్ని షరతుగా పెట్టండి, తర్వాత అడిగితే అదనపు ఖర్చు అంటారు.

6. బాట్‌తో కొంత, మనిషితో కొంత

తెలుగు మాట్లాడే వాయిస్ బాట్‌లు ఇప్పుడు దొరుకుతున్నాయి. గడువుకు ముందు గుర్తుచేయడానికి, బౌన్స్ అయిన మొదటి వారంలో "ఎప్పుడు కడతారు?" అని అడిగి తేదీ రాసుకోవడానికి అవి చాలు. నేను మెషీన్‌ని అని బాట్ మొదట్లోనే చెప్పాలి. మనిషితో మాట్లాడాలంటే ఏ నంబరు నొక్కాలో కూడా చెప్పాలి. శ్రీకాకుళం మాటా, ఆదిలాబాద్ మాటా దానికి అర్థమవుతున్నాయో లేదో నిజమైన కాల్స్‌తో పరీక్షించాకే కొనండి. ఆస్పత్రి, చావు, ఉద్యోగం పోయింది, చచ్చిపోతాను లాంటి మాటలు వినబడితే వెంటనే కాల్ మనిషికి మారిపోవాలి.

రెండో వారం నుంచి మనిషే మాట్లాడాలి. ఫోన్ ఎత్తింది కస్టమరేనని తేలేదాకా లోను మాట ఎత్తకూడదు. కాల్ ఎలా సాగాలో చూడండి:

"నమస్తే అండీ. ____ గారేనా మాట్లాడేది?"

"అవునండీ, ఎవరు?"

"ఫలానా ఫైనాన్స్ నుంచి మాట్లాడుతున్నానండీ. ఈ కాల్ రికార్డవుతోంది. ఇప్పుడు మాట్లాడటానికి వీలవుతుందా?"

"ఆ, చెప్పండి."

"ఈ నెల 5న మీ ఈఎంఐ రాలేదండీ, 3,450. ఏమైనా ఇబ్బంది వచ్చిందా?"

"జీతం ఇంకా పడలేదండీ. స్కూలు వాళ్లు పదో తారీకు దాటాకే వేస్తున్నారు."

"ఈ ఒక్క నెలేనా, ప్రతి నెలా అంతేనా?"

"ఆరేడు నెలలుగా ఇంతేనండీ."

"అలాగైతే ఈ నెలది 13న కట్టేలా లింక్ పంపిస్తాను. వచ్చే నెల నుంచి గడువు 15కి మార్చమని రిక్వెస్ట్ పెట్టమంటారా?"

ఈ కాల్ మొత్తంలో కీలకం "ఈ ఒక్క నెలేనా, ప్రతి నెలా అంతేనా" అన్న ప్రశ్న. అది అడగకపోతే వచ్చే నెలా ఇదే కాల్, ఆపై నెలా ఇదే కాల్. అడిగితే తేదీ మారుతుంది, ఆ ఖాతా మీ జాబితాలోంచే పోతుంది. గడువు మార్చడం వల్ల పడే పది రోజుల వడ్డీ తేడా ఎంతో కస్టమర్‌కు ముందే చెప్పి, ఒప్పుకున్నట్టు మెసేజ్ తీసుకోండి.

ఇచ్చిన మాట, అంటే పీటీపీ, తేదీతో సహా సిస్టమ్‌లో పడాలి. ఆ తేదీ దాకా మళ్లీ ఫోన్ చేయకండి. 13న కడతానన్న మనిషికి 10న, 11న, 12న ఫోన్ చేస్తే మీరు ఆ మాటను నమ్మలేదని చెప్పినట్టే. 13 ఉదయం ఒక మెసేజ్ పంపి, సాయంత్రం దాకా ఆగండి.

7. కట్టలేని స్థితిలో ఉన్నవాళ్ల దగ్గర ఆగండి

ఇంట్లో చావు, పెద్ద ఆపరేషన్, పంట పోవడం, ఉద్యోగం ఊడటం. ఈ కేసులను మామూలు క్యూ నుంచి తీసి, ఒక అనుభవజ్ఞుడి చేతిలో పెట్టండి. ఆటోమేటిక్ మెసేజ్‌లు ఆపేయండి. కంపెనీ పాలసీలో ఏముందో ఆ మనిషికి చెప్పగల అధికారం ఆ ఉద్యోగికి ఉండాలి: కొన్నాళ్లు తక్కువ కట్టడం, కాలపరిమితి పెంచడం, రుసుములు మాఫీ. ఇలా లోను షరతులు మార్చి రీస్ట్రక్చర్ చేస్తే ఖాతా వర్గీకరణ మారుతుంది, కాబట్టి అకౌంట్స్ వాళ్లతో మాట్లాడాకే మాట ఇవ్వండి.

అప్పు తీసుకున్న మనిషి చనిపోయారని తెలిస్తే, మొదట చూడాల్సింది లోనుతో పాటు ఇన్సూరెన్స్ ఉందా అన్నది. చాలా లోన్లకు ప్రీమియం ముందే కట్ చేసి ఉంటారు, ఇంట్లోవాళ్లకు ఆ సంగతే తెలియదు. క్లెయిమ్ ఫారం నింపడంలో మీరే సాయం చేయండి. ఇన్సూరెన్స్ లేకపోయినా, కో-అప్లికెంట్‌గానో జామీనుగానో సంతకం చేయని వారసులు ఆయన నుంచి తమకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. దినం కూడా కాకముందే భార్యకు ఫోన్ చేసి ఈఎంఐ అడగడం ఏ కంపెనీ చేయకూడని పని.

కస్టమర్ "చచ్చిపోతాను" అంటే అది నిజమో నాటకమో తేల్చే పని మనది కాదు. బాకీ మాట అక్కడితో ఆపండి, సూపర్‌వైజర్‌కు కాల్ ఇవ్వండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 చెప్పండి. తెలుగులో మాట్లాడతారు, ఉచితం. ఆ ఖాతాకు వసూలు కాల్స్ ఎవరూ చేయకుండా లాక్ పెట్టండి. ఇది ప్రతి ఎగ్జిక్యూటివ్‌కూ మొదటి రోజు ట్రైనింగ్‌లోనే నేర్పండి.

8. ఇంటికి వెళ్లక తప్పనప్పుడు

ఫోన్‌కు దొరకని కస్టమర్ దగ్గరకు మనిషి వెళ్లాల్సిందే. అప్పుడు కూడా చేతిలో యాప్ ఉండాలి: ఎక్కడికి, ఎన్ని గంటలకు వెళ్లారో నమోదవ్వాలి, డబ్బు తీసుకుంటే అక్కడే కస్టమర్ ఫోన్‌కు రసీదు వెళ్లాలి, క్యూఆర్ స్కాన్ చేస్తే నేరుగా కంపెనీ ఖాతాలో పడాలి.

ఊళ్లలో పదేపదే చూసే మోసం ఒకటుంది. ఎగ్జిక్యూటివ్ "మా మెషీన్ పనిచేయట్లేదు, నా ఫోన్‌పేకి కొట్టండి, నేను కట్టేస్తాను" అంటాడు. కొన్ని నెలలు కడతాడు, తర్వాత మానేస్తాడు. కస్టమర్ తాను కట్టానంటాడు, కంపెనీ పుస్తకాల్లో బాకీ కనిపిస్తుంది, ఇద్దరిదీ నిజమే. కస్టమర్ దగ్గర ఆ ట్రాన్సాక్షన్ స్క్రీన్‌షాట్ ఉంటే ఎగ్జిక్యూటివ్ మీద చర్య తీసుకుని, ఆ డబ్బు జమ ఇవ్వండి. కస్టమర్‌ను రెండోసారి కట్టమనకండి. రసీదు రాని చెల్లింపు గురించి మిస్డ్ కాల్ ఇవ్వమని ఒక నంబరు అందరికీ పంపి పెట్టండి.

వీధిలో గట్టిగా మాట్లాడటం, పక్కింటివాళ్లకు చెప్పడం, ఆఫీసుకు వెళ్లి పరువు తీయడం ఉద్యోగం పోగొట్టే తప్పులని నియామక పత్రంలోనే రాయండి. బ్యాంకుల తరఫున పనిచేసే ఏజెంట్లకు ఐఐబీఎఫ్ ఇచ్చే డీఆర్‌ఏ (రికవరీ ఏజెంట్) సర్టిఫికెట్ ఉండాలి. మీ కంపెనీకి తప్పనిసరి కాకపోయినా ఆ శిక్షణ ఇప్పించడం మంచిది.

9. చట్టం దారి పడితే

నోటీసు అనేది నిజంగా కేసు వేయబోతున్నప్పుడే పంపాలి. వాట్సాప్‌లో కోర్టు ముద్ర పెట్టిన నకిలీ నోటీసులు, "రేపు పోలీసులు వస్తారు" అన్న మెసేజ్‌లు చట్టవిరుద్ధం. తప్పుదోవ పట్టించే మాటలను ఆర్‌బీఐ స్పష్టంగా నిషేధించింది.

ఖాతాలో డబ్బు లేక ఈ-నాచ్ తిరిగొస్తే 2007 పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం సెక్షన్ 25 వర్తిస్తుంది. చెక్ బౌన్స్ లాంటిదే ఇది. బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అది అందిన 15 రోజుల్లో కట్టకపోతేనే ఫిర్యాదు. చిన్న మొత్తాలకు కేసు ముందు లోక్ అదాలత్ మేలని నా అభిప్రాయం. అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, ఇద్దరికీ ఖర్చు తక్కువ. ఆన్‌లైన్ ఆర్బిట్రేషన్ వేదికలు కూడా ఉన్నాయి గానీ ఒక జాగ్రత్త: ఆర్బిట్రేటర్‌ను కంపెనీ ఏకపక్షంగా నియమించుకుంటే ఆ అవార్డు కోర్టులో నిలవడం కష్టం. 2019 నుంచి సుప్రీంకోర్టు దీనిపై గట్టిగానే చెబుతోంది.

సెటిల్‌మెంట్ ఇస్తే, క్రెడిట్ రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుందని, అది "క్లోజ్డ్"తో సమానం కాదని ముందే చెప్పండి. తగ్గిందన్న సంతోషంలో ఒప్పుకుని, రెండేళ్ల తర్వాత ఇంటి లోను రాక బాధపడేవాళ్లు చాలామంది ఉన్నారు.

10. ఏం లెక్కపెట్టాలి

రోజుకు ఎన్ని కాల్స్ చేశారన్నది పక్కన పెట్టేయండి. ఒక బకెట్ నుంచి తర్వాతి బకెట్‌లోకి జారిన ఖాతాల శాతం, ఇచ్చిన మాటల్లో నిలబడినవి, తప్పు నంబర్ల శాతం, గడువు తేదీ మార్చాక బౌన్స్ ఆగిన ఖాతాలు, ఫిర్యాదులు. ఈ ఐదూ వారంవారం చూడండి. ఇన్సెంటివ్‌లో ఫిర్యాదులకు కోత పెట్టండి. వసూలైన డబ్బు ఒక్కటే కొలతైతే గొంతు పెంచినవాడే ఎక్కువ సంపాదిస్తాడు.

ఫిర్యాదు వస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ పథకం కిందికి వచ్చే సంస్థల కస్టమర్లు ఆ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు, 14448కి ఫోన్ చేసి అడగవచ్చు. ఆ వివరాలు మీ మెసేజ్‌లలో, వెబ్‌సైట్‌లో మీరే పెట్టండి.

11. కట్టేశాక

బాకీ తీరిన రోజే రసీదు, మిగిలిన లోను వివరాలు పంపండి. 2025 జనవరిలో క్రెడిట్ బ్యూరోలకు పదిహేను రోజులకోసారి డేటా పంపాలన్న నిబంధన వచ్చింది, కాబట్టి కట్టిన సంగతి ఆ వెంటనే వచ్చే ఫైల్‌లో ఉండాలి. తప్పు సరిచేయమని కస్టమర్ ఫిర్యాదు చేశాక 30 రోజులు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాల్సి ఉంటుంది.

లోను మొత్తం తీరితే అసలు పత్రాలు ఇచ్చేయడం, రిజిస్టర్ చేసిన హక్కు తొలగించడం 30 రోజుల్లో పూర్తవ్వాలి. మన తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు కస్టమర్‌కు కట్టాలి. బండి లోనైతే ఎన్ఓసీ (బాకీ లేదన్న పత్రం), సంతకం చేసిన ఫారం 35 కస్టమర్ అడగకముందే పంపండి. ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు తీసేయించుకోవడానికి ఆర్‌టీఏ దగ్గర ఏం చేయాలో నాలుగు లైన్లలో తెలుగులో రాసి జతచేయండి.